పొట్ట గుండ్రం, వెన్ను ఎముకలు: పిల్లికూన బరువు ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: పది రోజుల కిందట మా గేటు దగ్గర ఒంటరిగా అరుస్తున్న పిల్లికూనను ఇంట్లోకి తెచ్చుకున్నాం. తల్లి జాడ లేదు. చూసినవాళ్లు రెండు నెలలుంటాయన్నారు. దాన్ని ఎత్తుకుని మనుషులు బరువు చూసుకునే మెషిన్ మీద నిలబడి, తర్వాత నేనొక్కదాన్నే నిలబడి తేడా తీస్తే అర కిలో వచ్చింది. రెండు నెలలకి 900 గ్రాములుండాలని చదివాను. ఆవుపాలు, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు పెడుతున్నాం. ఆబగా తింటుంది, పొట్ట గుండ్రంగా ఉబ్బుతుంది, కానీ వెన్ను నిమిరితే ఎముకలే తగులుతాయి. విరేచనం పల్చగా ఉంటోంది. రోజుకి ఎంత పెట్టాలి? ఎన్నాళ్లకు సరైన బరువుకు వస్తుంది? ఇంతకుముందు పెంచిన పిల్లి ఏడాదికే బాగా లావైపోయింది. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు అంకెలున్నాయి: రెండు నెలలు, అర కిలో. ముందు ఈ రెండూ తేల్చుకోవాలి. మనుషుల తూకం మెషిన్లు చాలావరకు 100 గ్రాముల చొప్పునే మారతాయి. రెండుసార్లు నిలబడి తేడా తీస్తే ఆ పొరపాటు ఇంకా పెరుగుతుంది. మీ కూన 400 గ్రాములు ఉండొచ్చు, 600 కూడా ఉండొచ్చు. అరవై కిలోల మనిషికి ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, ఇంత చిన్న ప్రాణికి అది ఒంట్లో మూడో వంతు. ఇక వయసు చూద్దామా అంటే, తిండి చాలని కూన ఉన్న వయసుకంటే చిన్నగా కనిపిస్తుంది, కళ్లు పెద్దవిగా అనిపిస్తాయి. పైపైన చూసి చెప్పిన వయసును పట్టుకుని బరువు తక్కువని బెంగపడటంలో అర్థం లేదు.

వయసుకు పళ్లు చూడండి. తిండి తక్కువైనా పాలపళ్లు దాదాపు వాటి వేళకే వస్తాయి. 3 వారాల ప్రాంతంలో ముందువైపు చిన్న పళ్లు, 4 వారాలకు కోరపళ్లు, 5, 6 వారాలకు వెనక దవడపళ్లు మొదలవుతాయి. నోటి పక్కన పెదవిని వేలితో మెల్లగా పైకి జరిపితే కోరపన్ను వెనక ఒక్కోవైపు పై దవడలో మూడు, కింది దవడలో రెండు పళ్లు కనిపించాలి. అవన్నీ ఉంటే మొత్తం 26 పాలపళ్లూ వచ్చినట్టు, కూనకు 8 వారాలు నిండినట్టు. వెనక పళ్లు ఇంకా చిగురు దాటుతూ ఉంటే 6 వారాలే. కోరపళ్లు మాత్రమే ఉంటే ఇంకా నెల దాటీ దాటని కూన. అప్పుడు దానికి పెట్టాల్సిన తిండే వేరు, ఆ సంగతి కింద విడిగా చెబుతాం. కళ్ల రంగు కూడా కొంత ఆధారం. పుట్టినప్పటి నీలం 6, 7 వారాల నుంచి మారడం మొదలవుతుంది.

తూకానికి వంటింట్లో పిండి, పంచదార తూచుకునే డిజిటల్ తూకం చాలు, 1 గ్రాము తేడా చూపించేదైతే బాగు. లోతైన గిన్నెనో ప్లాస్టిక్ డబ్బానో దాని మీద పెట్టి, అడుగున పాత గుడ్డ పరిచి, టేర్ నొక్కి సున్నా చేసి, అప్పుడు కూనను దించండి. కదులుతుంటే అంకె నిలవదు కాబట్టి మూడుసార్లు చూసి మధ్య అంకె రాసుకోండి. రోజూ ఒకే వేళకు, పొద్దున మొదటి తిండికి ముందే తూయాలి. పొద్దున ఖాళీ కడుపుతో, మర్నాడు రాత్రి తిన్నాక తూస్తే 30, 40 గ్రాములు తిండి రూపంలోనే పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ సంతోషం మూడో రోజుకే పోతుంది.

ఇప్పుడు ఎంత ఉండాలో చూద్దాం. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములుంటుంది. అక్కడి నుంచి రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతూ 4 వారాలకు 350-450, 6 వారాలకు 550-700, 8 వారాలకు 700-900 గ్రాములకు చేరుతుంది. 12 వారాలకు 1.2 కిలోలు దాటుతుంది. నాలుగైదు నెలల వరకు నెలకు సుమారు అర కిలో చొప్పున పెరుగుతుందని గుర్తుంచుకుంటే సరిపోతుంది. మీరు చదివిన 900 ఆ వయసుకు పై అంచు. అదే లక్ష్యమనుకుంటే ఆరోగ్యంగా 750 ఉన్న కూన కూడా బక్కదానిలా కనిపిస్తుంది. తల్లిదండ్రుల సైజు, ఆడా మగా అన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది.

మీ కూన విషయంలో అసలు చూడాల్సింది పెరుగుదల వేగం. వారానికి 70 నుంచి 100 గ్రాములు పెరుగుతోందంటే, ఇవాళ ఎంత తక్కువ బరువున్నా అది దారిలో పడినట్టే. రోజువారీ అంకె ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక్కసారి మలవిసర్జన చేస్తేనే 5, 10 గ్రాములు తగ్గుతుంది. అందుకని మూడు రోజుల అంకెలు కలిపి చూడండి. తిండి మార్చిన మొదటి రెండు రోజుల్లో బరువు ఒక్కసారిగా పెరిగితే అందులో ఎక్కువ భాగం నీళ్లు, పేగుల్లో చేరిన తిండి. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఉత్తరంలో అన్నిటికంటే మాకు పట్టిచ్చిన మాట, పొట్ట గుండ్రంగా ఉండి వెన్ను ఎముకలు తగలడం. కడుపు నిండిన కూన పొట్ట తిన్నాక ఉబ్బి, మూడు నాలుగు గంటల్లో మామూలవుతుంది. పొద్దున ఖాళీ కడుపుతో కూడా పొట్ట బిగుతుగా, గుండ్రంగా ఉండి పైన వెన్నెముక, తుంటి ఎముకలు చేతికి తగులుతుంటే మొదట అనుమానించాల్సింది ఏలికపాములనే. వీధిలో పుట్టిన కూనల్లో ఇవి లేనివి అరుదు. తల్లి పాల ద్వారానే పిల్లలకు వస్తాయి కాబట్టి బయట ఏమీ తినని కూనలోనూ ఉంటాయి. తెల్లగా, కొసలు సన్నగా, 3 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటాయి. వాంతిలోనో మలంలోనో కనిపించవచ్చు. కనిపించకపోతే లేవని కాదు. మీరు పెట్టిన తిండిలో ఒక వాటా వాటికి పోతుంది, మిగిలింది కూడా దెబ్బతిన్న పేగు సరిగా పీల్చుకోలేదు. ఇలాంటప్పుడు తిండి రెట్టింపు చేసినా బరువు కదలదు, విరేచనాలు మాత్రం ఎక్కువవుతాయి.

నులిపురుగుల మందు కూనలకు రెండు మూడు వారాల వయసు నుంచి మొదలుపెట్టి, 8 వారాల దాకా రెండు వారాలకొకసారి, ఆ తర్వాత 6 నెలల దాకా నెలకొకసారి ఇస్తారు. ఒక్క మోతాదుతో పని ఎందుకు కాదంటే, మందు పేగులో ఉన్న పెద్ద పురుగుల మీదే సరిగా పనిచేస్తుంది. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత పేగులోకి వచ్చి మళ్లీ పెరుగుతాయి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మందు వేసే రోజు పొద్దున తూచిన అంకె పశువైద్యులకు చెప్పండి. పెద్ద పిల్లికి తెచ్చిన మాత్రను ముక్క చేసి, కుక్కల మందును అంచనాగా పోసి మాత్రం వేయొద్దు. పురుగులు మరీ ఎక్కువగా ఉన్న కూనలో చచ్చిన పురుగులు పేగుకు అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. మందు వేశాక వాంతులు ఆగకపోయినా, పొట్ట మరింత బిగుసుకున్నా అదే రోజు చూపించాలి. ఈ పురుగుల గుడ్లు మనుషులకూ ముప్పే. లిట్టర్ డబ్బా (పిల్లి మలవిసర్జన చేసే ఇసుక డబ్బా) రోజూ శుభ్రం చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్నపిల్లలను దాని దగ్గరికి పోనివ్వకండి.

ఏలికపాములతో పాటు ఫ్లీలు కూడా చూడాలి. ఒంటి మీద గెంతుతూ రక్తం తాగే ఈ చిన్న పురుగులు పెద్ద పిల్లికి చిరాకే గానీ, అర కిలో కూనలో రక్తం తగ్గించి ప్రాణం మీదికి తేగలవు. చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయి ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫ్లీలు తీయడానికి సన్నపళ్ల దువ్వెన, దాన్ని ముంచడానికి సబ్బు నీళ్లు చాలు. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ కలిసిన చుక్కలు, పౌడర్లు పిల్లులకు విషం. పిల్లుల మందులకు కూడా కనీస వయసు, కనీస బరువు ఉంటాయి. పెట్టె మీద రాసినవి చూడకుండా వాడొద్దు. ఫ్లీలను మింగితే బద్దెపురుగులు కూడా వస్తాయి. వాటికి మామూలు ఏలికపాముల మందు పనిచేయదు. మలద్వారం చుట్టూ గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే ఆ సంగతి పశువైద్యులకు ప్రత్యేకంగా చెప్పండి.

ఇక తిండి. ఆవుపాలు ఇవాళే ఆపేయండి, మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. తల్లిపాలు మానే వయసు నుంచి పిల్లికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గుతూ పోతుంది. అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, విరేచనం పల్చనవుతుంది. మీరు చూస్తున్న పల్చటి విరేచనంలో కొంతైనా దీనివల్లే. దానికి తోడు ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు 3 శాతమే, పిల్లి పాలలో ఉన్నదాంట్లో సగం కూడా ఉండవు. నానిన బ్రెడ్డు కడుపు నింపుతుంది గానీ కండ పెట్టదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే అమైనో ఆమ్లం లాంటివి దానికి మాంసం నుంచే అందాలి. టారిన్ చాలకపోతే నెలల తరబడిలో చూపు, గుండె దెబ్బతింటాయి. కుక్కల తిండి మీద పిల్లిని పెంచకూడదనేది కూడా ఇందుకే.

పోనీ రోజూ ఉడికించిన కోడిమాంసం పెడదామా అని చాలామంది అడుగుతారు. నాలుగు రోజులు ఆకలి తెప్పించడానికి మంచిదే. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ పడకూడదు, ఎముకలు తీసేయాలి. కానీ అదే పూర్తి తిండి చేస్తే ప్రమాదం. ఉత్త మాంసంలో కాల్షియం బాగా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ఎదిగే కూన ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. కొన్ని వారాల్లో కూన కుంటడం, సోఫా మీంచి దూకితేనే కాలు విరగడం చూస్తారు. అప్పటికి అది బొద్దుగానే కనిపిస్తుంటుంది, తూకంలో ఏ తేడా తెలియదు. కాలేయం ఎక్కువ పెడితే విటమిన్ ఏ మోతాదు మించి ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి.

అందుకని ముఖ్యమైన తిండి కిట్టెన్ ఫుడ్డే, అంటే పిల్లికూనల కోసం తయారుచేసి అమ్మే తిండే కావాలి. ప్యాకెట్ మీద రెండు మాటలు వెతకండి. ఒకటి ‘కంప్లీట్’, అంటే అదొక్కటే పెట్టినా సరిపోతుందని. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది పక్కన పెట్టే తినుబండారమే. చూడ్డానికి అందమైన మాంసం ముక్కలున్న పౌచ్‌లలో చాలా ఇలాంటివే. రెండోది, ఎదిగే పిల్లలకో, అన్ని వయసులకో తగినదని రాసి ఉండాలి. పెద్ద పిల్లుల ఫుడ్డు అర కిలో కూనకు చాలదు.

ఎంత పెట్టాలో ప్యాకెట్ మీది పట్టికలో ఉంటుంది, కానీ అవి విశాలమైన అంచనాలు. సొంతంగా లెక్క కట్టడం కష్టమేమీ కాదు. బరువును కిలోల్లో తీసుకుని మూడుసార్లు గుణించండి (0.5 × 0.5 × 0.5). ఫోన్ కాలిక్యులేటర్‌లో వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి. వచ్చినదాన్ని 70తో గుణిస్తే కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి వస్తుంది. ఎదిగే కూన కాబట్టి దాన్ని 2.5తో గుణించాలి. 500 గ్రాముల కూనకు ఇది సుమారు 104 కిలోక్యాలరీలు. 800 గ్రాములకు 148, కిలోకు 175. బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కాదని గమనించారా? చిన్న ఒంటికి గ్రాముకు ఖర్చు ఎక్కువ. అందుకే పూట తప్పితే పెద్ద పిల్లికంటే కూన త్వరగా నీరసిస్తుంది.

దీన్ని గ్రాముల్లోకి మార్చడానికి ప్యాకెట్ మీది క్యాలరీల అంకె కావాలి. డ్రై ఫుడ్ సాధారణంగా 100 గ్రాములకు 400 దరిదాపుల్లో, వెట్ ఫుడ్ 80 నుంచి 110 మధ్య ఉంటాయి. వెట్ ఫుడ్‌లో ఎక్కువ భాగం నీరే, తేడా అందుకే. మీ కూనకు 104 కావాలంటే 100 గ్రాములకు 90 క్యాలరీలున్న వెట్ ఫుడ్ ఒక్కటే అయితే రోజంతా కలిపి 115 గ్రాములు, డ్రై ఫుడ్ ఒక్కటే అయితే 26 గ్రాములు. రెండూ కలిపి 60 గ్రాముల వెట్, 12 గ్రాముల డ్రై పెడితే దాదాపు అంతే అవుతుంది. విరేచనాలు అవుతున్న కూనకు నీళ్లు కూడా పోవాలి కాబట్టి మొదట్లో వెట్ ఫుడ్ వాటా ఎక్కువ ఉంచమంటాం. కప్పులతో, గుప్పెళ్లతో కొలవొద్దు. ఇంత చిన్న మోతాదులో గుప్పెడంటే ఒకరోజు 15 గ్రాములు, ఇంకోరోజు 25.

మొదటి రోజే మొత్తం పెట్టేయకండి. పాలు, బ్రెడ్డు మీదున్న పేగుకు ఒక్కసారిగా కొవ్వు, మాంసకృత్తులు వస్తే విరేచనాలు ముదురుతాయి. బాగా మాడిన కూనల్లో దానికంటే పెద్ద ప్రమాదం, హఠాత్తుగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోవడం. మొదటి రోజు లెక్కలో సగం, రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజు ముప్పావు వంతు దాటించి, నాలుగో రోజుకు పూర్తి మోతాదు. ఆబగా తింటోంది కదా అని కరిగిపోకండి. ఆకలి ఉన్నంత మాత్రాన అరుగుదల ఉన్నట్టు కాదు. ఏ రోజు మోతాదునైనా ఐదు పూటలుగా పంచండి. మూడు నెలలు నిండాక నాలుగు పూటలు, నాలుగు నెలలు దాటాక మూడు పూటలు చేయవచ్చు. రాత్రి చివరి పూట మీరు పడుకునే ముందు పెట్టండి. రాత్రంతా ఖాళీ కడుపు ఈ బరువున్న కూనకు మంచిది కాదు.

వెట్ ఫుడ్‌లో చెంచాడు గోరువెచ్చని నీళ్లు కలిపి మెత్తగా మెదిపి, లోతు లేని పళ్లెంలో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పెడితే చాలా కూనలు మూతి తిప్పుకుంటాయి. ఒంటి వేడి దాకా, అంటే 37, 38 డిగ్రీలకు వెచ్చబడితే వాసన లేస్తుంది, వాసన తగిలితేనే పిల్లి తింటుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన కూన తిండి మానేయడానికి కారణం అదే. తడి దూదితో ముక్కు తుడిచి, వెచ్చటి ఆవిరి ఉన్న స్నానాల గదిలో పది నిమిషాలు దాన్ని పట్టుకుని కూర్చుంటే కొంత తెరుచుకుంటుంది. అయినా ముక్కు నుంచి పసుపుపచ్చ చీమిడి కారుతుంటే మందు కావాలి. మిగిలిన వెట్ ఫుడ్ గంట దాటితే తీసేయండి. నీళ్ల గిన్నె తిండికి కాస్త దూరంగా ఎప్పుడూ ఉండాలి. సిరంజితో గొంతులోకి తిండి నెట్టడం ఇంట్లో చేయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

వెనక దవడపళ్లు ఇంకా రాని కూన అని తేలితే పైన చెప్పిన లెక్కలు పక్కన పెట్టి, పిల్లికూనల కోసం తయారుచేసిన పాలపొడి, అంటే మిల్క్ రీప్లేసర్ తెచ్చుకోండి. డబ్బా మీది కొలత ప్రకారమే కలపాలి. చిక్కగా కలిపితే విరేచనాలో మలబద్ధకమో, పల్చగా కలిపితే బరువు పెరగకపోవడం. 100 గ్రాముల బరువుకు పూటకు 4, 5 మిల్లీలీటర్లు దాటకుండా, నాలుగేసి గంటలకొకసారి పట్టాలి. కూన బోర్లా, తల్లి దగ్గర తాగే భంగిమలోనే ఉండాలి, పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. ఒళ్లు చల్లగా ఉంటే ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి మెల్లగా వెచ్చబరచాలి, తర్వాతే పాలు. చల్లబడిన కూన పేగు కదలదు, పోసిన పాలు కడుపులోనే పులుస్తాయి. కోరపళ్లు వచ్చాక అదే పాలలో కిట్టెన్ ఫుడ్ మెదిపి పళ్లెంలో అలవాటు చేయవచ్చు.

మీ కూన విరేచనం సంగతి. పాలు ఆపి, నులిపురుగుల మందు పడి, తిండి మెల్లగా పెంచాక మూడు రోజుల్లో అది దగ్గరపడాలి. పడకపోతే బియ్యం గంజో మరొకటో ప్రయత్నిస్తూ వారం గడపకండి. కాక్సీడియా, జియార్డియా అనే సూక్ష్మజీవులు కూనల్లో సాధారణం. మామూలు నులిపురుగుల మందులో చాలా రకాలు వీటిని తాకవు, ఇవి ఉన్నంతకాలం బరువు నిలవదు. తాజా మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే ఏదో తేలుతుంది. పల్చటి విరేచనాల కూన నీళ్లు కోల్పోయిందో లేదో చిగుళ్లు చెబుతాయి. వేలు పెడితే తడిగా జారాలి, జిగటగా అంటుకుంటే నీళ్లు తగ్గినట్టు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం కూడా అలాంటి సూచనే.

ఇవి కనబడితే తూకం, లెక్కలు ఆపి నేరుగా ఆసుపత్రికి: 12 గంటలు ఏమీ తినకపోవడం, ఒక్కరోజులో ఒంటి బరువులో పదో వంతు పడిపోవడం, మళ్లీమళ్లీ వాంతులు, విరేచనంలో రక్తం, చల్లబడిన చెవులు, కాళ్లు, నోరు తెరిచి ఊపిరి తీయడం. టీకా పడని కూనలో తిండి మానేసి, వాంతులు, విరేచనాలు ఒక్కసారి మొదలైతే అది పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావొచ్చు. అందులో గంటలు కూడా లెక్కే. కూన తూలిపోతూ, మగతగా ఉంటే దారిలో వేలితో కాస్త చక్కెర నీళ్లు చిగుళ్లకు రాయండి, నోట్లో పోయవద్దు. ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర మాత్రం వేయకండి, పారాసిటమాల్ పిల్లులను చంపేస్తుంది. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, 16 వారాలు దాటే దాకా మూడు నాలుగు వారాల తేడాతో పడతాయి. బరువు తక్కువని మీరే వాయిదా వేసుకోకుండా ఎప్పుడు వేయాలో పశువైద్యులనే తేల్చమనండి.

ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉంటే కూనకు విడి గదిలో తిండి పెట్టండి. పక్కన పెద్ద జంతువుంటే అది గబగబా మింగి వాంతి చేసుకుంటుంది, లేదా అసలు పళ్లెం దగ్గరికే రాదు.

అంతా సవ్యంగా సాగితే మీ కూన నిజంగా 500 గ్రాములే అనుకున్నా, మొదటి వారం పేగు సర్దుకోవడానికి పోను, తర్వాత వారానికి 100 చొప్పున ఐదు వారాల్లో 900 దాటుతుంది. అప్పటికి దాని వయసుకు ఉండాల్సిన బరువు ఇంకా పైనే ఉంటుంది, ఆ తేడా నెమ్మదిగా పూడుతుంది. కొన్ని పూర్తిగా అందుకోలేక చిన్న పిల్లులుగానే ఉండిపోతాయి, అది జబ్బు కాదు. తిండి లెక్క ప్రతి వారం కొత్త బరువుతో మళ్లీ కట్టండి. చాలామంది మొదటి వారం కట్టిన మోతాదునే నెలరోజులు పెడుతూ, కూన ఎదగడం ఆగిందేమిటని అడుగుతారు. విరేచనం గట్టిగా ఉండి కూడా వారానికి 70 గ్రాములు దాటకపోతే మోతాదు పదో వంతు పెంచి చూడండి.

ఇక లావు భయం. నాలుగు నెలల లోపు, ఎదిగే కూనను కడుపు మాడ్చి సన్నగా ఉంచాలనుకోవడం తప్పు. ఆ వయసులో పిల్లులు లావవడం అరుదు. అసలు చిక్కు ఐదారు నెలల నుంచి మొదలవుతుంది. ఎదుగుదల నెమ్మదిస్తుంది, సంతాన నిరోధక ఆపరేషన్ కూడా ఆ రోజుల్లోనే అవుతుంది. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన శక్తి నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి ఉంచే ఇళ్లలో పిల్లి ఏడాదికే గుండ్రమవడానికి ఈ రెండూ కలిసి రావడమే కారణం. మీ పాత పిల్లికి జరిగింది కూడా బహుశా అదే. లెక్కలో 2.5ను నాలుగు నెలలు దాటాక 2కు దించండి. ఆపరేషన్ అయ్యాక అప్పటిదాకా పెడుతున్నదాంట్లో ఐదో వంతు తగ్గించి, రెండు వారాలకొకసారి తూస్తూ సవరించుకోండి. ఆపరేషన్ అయిందని పూర్తిగా పెద్ద పిల్లుల ఫుడ్డుకు మారవద్దు, ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. మామూలు జాతులకు 12 నెలలకు మార్చవచ్చు. మెయిన్ కూన్ లాంటి పెద్ద జాతులు ఏడాదిన్నర దాటినా ఎదుగుతాయి. ఏ ఫుడ్ మార్చినా వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి.

ఆ వయసులో తూకంతో పాటు చెయ్యి కూడా వాడండి. మీ పిడికిలి బిగించి, కణుపుల మీద వేళ్లు రాయండి. కూన పక్కటెముకలు అలా తగిలితే బక్క. చెయ్యి చాపి, చేతి వెనకవైపు రాస్తే సన్నటి పొర కింద ఎముకలు తెలుస్తాయి కదా, పక్కటెముకలు అలా ఉంటే సరైన బరువు. అరచేతి వైపు రాసినట్టు ఎముకలు వెతుక్కోవాల్సి వస్తే లావు మొదలైంది. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి పోవాలి. పొట్ట కింద ఊగే చర్మపు సంచి ఉంటే భయపడకండి, చాలా పిల్లులకు అది సహజంగా ఉండేదే. ఆటలో, మచ్చికలో పెట్టే తినుబండారాలు రోజు మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు, వాటిని కూడా లెక్కలో కలపాలి. ఇంట్లో నలుగురు తలో పూట పెట్టేస్తుంటే రోజు మోతాదంతా పొద్దునే తూచి ఒక డబ్బాలో పోసి ఉంచండి. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే తీయాలి, అది ఖాళీ అయితే మళ్లీ రేపే.